ఉండాడా, లేడా

కుప్పయ్య ఎవరినీ కసిరి ఎరుగడు. గొంతు పెంచాల్సిన అవసరమూ అతనికి ఎన్నడూ రాలేదు. పడుచుతనంలో పలమనేరు చుట్టుపక్కల పల్లెల్లో వీధినాటకాలకు కట్టియంకారుడి వేషం కట్టేవాడు. రాజు ఇంకా తెర వెనకాల కిరీటం సర్దుకుంటూ ఉండగానే ముందుగా వచ్చి, వచ్చేది ఎవరో, ఏ పని మీద వస్తున్నాడో, నాలుగు హాస్యాలాడి జనానికి చెప్పిపోయే వేషం అది. చివరి చాప మీద కునుకు తీస్తున్న ముసలివాడికి కూడా మాట అందాలి. ఆ పనిలో అతని గొంతు అలా తయారైంది. మోకాళ్ళు పట్టేసి గంతులు వేయలేకపోయాక, చిత్తూరులో సావుకారు పరంధామయ్య అతన్ని వసూళ్ళకు పెట్టుకున్నాడు. "కాళ్ళు పోతే పోనీలేబ్బా, గొంతు ఉండాది గదా, అది చాలు నాకు" అన్నాడట.

సావుకారు అంచనా తప్పలేదు. బాకీ ఉన్నవాళ్ళు ఇంటి దగ్గరైతే తలుపు వేసుకుంటారు, పని చేసే చోట ఏ తలుపు వేసుకుంటారు? కుప్పయ్య సోమవారం కచేరీ బంట్రోతుల దగ్గరికి, మంగళవారం రైలు గూడ్సు షెడ్డుకు, గురువారం ఆడవాళ్ళ ఆసుపత్రికి వెళ్ళేవాడు. సాయంత్రం నాలుగు గంటలకు రోగుల చుట్టాలను లోపలికి వదిలే వేళ చూసుకుని, గేటు దగ్గర చెప్పులు విడిచి, గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని, కాపలావాడిని ఎంతో మర్యాదగా అడిగేవాడు.

"మునిరత్నమ్మ పనిలో ఉండాదా నాయనా?"

ఆ మర్యాద కాన్పుల వార్డులో ఇరవై రెండు మంచాలకూ వినబడేది.

మునిరత్నమ్మ ఆ వార్డులో ఆయా. ముప్పై దాటి రెండేళ్ళో మూడేళ్ళో. నుదుట కాసంత బొట్టు, చేతినిండా మట్టిగాజులు, కాళ్ళకు మెట్టెలు. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడేది. కుప్పయ్య బాకీ మాట ఎత్తేవాడు కాదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగేవాడు.

"మీ ఆయన ఉండాడా తల్లీ, లేడా?"

అది పంతొమ్మిదివందల నలభై నాలుగు. మునిరత్నమ్మ భర్త ధనంజయ నాలుగేళ్ళ కిందట నగరి మేస్త్రీ ఒకడి వెంట రంగూను బియ్యం మిల్లులో పనికి పోయాడు. పడవ ఖర్చుకూ, ఇంట్లో పెట్టి పోవడానికీ పరంధామయ్య దగ్గర నోటు రాసిచ్చాడు. ఏడాదిన్నర పాటు నెల నెలా మనియార్డరు వచ్చింది. తరువాత రంగూను మీద బాంబులు పడ్డాయి. జనం అడవులూ కొండలూ పట్టుకుని నడిచి వచ్చేశారు. అలా వచ్చినవాళ్ళలో నగరి చిన్నబ్బ ఒకడు. ధనంజయ కాళ్ళు వాచి ఒక కొండ దిగువన కూర్చుండిపోయాడనీ, "మీరు పోతా ఉండండి, నేను వచ్చేస్తా" అన్నాడనీ చెప్పాడు. అంతే. అంతకు మించి చిన్నబ్బకూ తెలియదు, ఎవరికీ తెలియదు.

ఇక పరంధామయ్యకు ఒక నియమం ఉంది. తాళి తెగిన ఆడదాని సొమ్ము ఆయన పెట్టెలో పడకూడదు. ఆయన తల్లి పాతికేళ్ళకే ముండమోసి, నలుగురి ఇళ్ళలో వడ్లు దంచి ఆయన్ను పెంచింది. అందుకని భర్త పోయిన మరునాడే నోటు తెప్పించి, ఆ మనిషి ముందే నిలువునా చించేసేవాడు. ఊళ్ళో ఆయనకు పేరంతా దాని మీదే వచ్చింది. భర్త ఉన్నవాళ్ళ దగ్గర మాత్రం దమ్మిడీ వదిలేవాడు కాదు.

కుప్పయ్య ప్రశ్నకు అర్థం అదీ. ఉన్నాడంటే నెల కిస్తీ కట్టాలి. లేడంటే నోటు చిరుగుతుంది.

"ఉండాడన్నా" అనేది మునిరత్నమ్మ, నేల చూస్తూ.

"యాడ ఉండాడో తెల్సినాదా?"

"ఉండాడు."

"సరే తల్లీ. ఉంటే మంచిదే. మనిషి కనపడకుంటే కోర్టోళ్ళయితే ఏడేండ్లు కాయల్లంటారు. నేను వారానికోసారి కాస్తా ఉండాను." నవ్వేవాడు. ఆ నవ్వు కూడా చివరి మంచం దాకా పోయేది.

ఆమె అలా చెప్పడానికి మొగుడి మీద ఆశ ఒక్కటే కారణం కాదు. ఆ వార్డులో ఒక ఆచారం ఉంది. ఆసుపత్రి వాళ్ళు పెట్టింది కాదు, కాన్పుకు వచ్చేవాళ్ళు వెంట తెచ్చుకున్నది. బిడ్డ పుట్టగానే నర్సు తుడిచి గుడ్డలో చుడుతుంది. ఆ బిడ్డను గడప దాటించి బయట కాచుకున్న అవ్వ ఒడిలో పెట్టేది మాత్రం ముత్తైదువే అయివుండాలి. గడప అవతల లోకంలో బిడ్డకు మొదట తగిలే చేయి అదని వాళ్ళ లెక్క. ఆ చేతికి అర్ధరూపాయో రూపాయో, తాంబూలం, కలిగినవాళ్ళయితే రవికె గుడ్డ ఇచ్చేవాళ్ళు. ఆయా జీతం బియ్యానికీ ఇంటి బాడుగకూ సరిపోయేది. కిరసనాయిలు, ఉప్పు, పప్పు, పరంధామయ్య కిస్తీ అన్నీ ఆ చేతి మీదే నడిచేవి. వార్డులో ఇంకొక ఆయా గురవమ్మకు భర్త లేడు. ఆమె పని పెరట్లో. నెత్తుటి గుడ్డలు ఉతకడం, మలమూత్రాల పాత్రలు కడగడం. గురవమ్మ మంచి మనిషని అందరూ అనేవాళ్ళే. ముందు వసారాలోకి రమ్మని మాత్రం ఎవరూ పిలిచేవాళ్ళు కాదు.

కాబట్టి లేడంటే బాకీ తీరుతుంది, బతుకూ తీరుతుంది. ఉన్నాడంటే రెండూ నడుస్తాయి. కానీ ఆ ప్రశ్న ప్రతి గురువారం వినబడుతుంటే జనం చెవులు ఊరుకోవు కదా. వేసవి వచ్చేసరికి ఒకరిద్దరు అవ్వలు బిడ్డను అందుకునే ముందు ఆమె మెడవైపు, కాళ్ళవైపు చూడడం మొదలుపెట్టారు. ఒకామె అడగనే అడిగింది. "ఏమ్మే, నీ మొగుడు ఉండేది నిజమేనా? ఎవురో వచ్చి అడగతా ఉండారే?"

ఇంట్లో అత్త అక్కమ్మ. కొడుకు రంగూను వెళ్ళినప్పటి నుంచీ అత్తాకోడళ్ళిద్దరే. అక్కమ్మకు చూపు మందగించింది కానీ మాట మందగించలేదు. కోడలు ఏ రోజు ఎంత తెచ్చిందో కొంగు ముడి బరువు చూసి చెప్పేది. ఆ చిల్లర ఎక్కడిదని అడిగితే, "బత్తెం అత్తా, సర్కారోళ్ళు ఇస్తారు" అని మునిరత్నమ్మ మొదటి రోజే చెప్పింది. తన కొడుకు ప్రాణం అడ్డుపెట్టి తెచ్చిన కూడు అని తెలిస్తే ఆ ముసలమ్మ ముద్ద మింగదని ఆమె భయం. ఆ ఒక్క మాట మార్చి చెప్పినందుకు తరువాత ఆమె ఎన్నిసార్లు తనను తాను తిట్టుకుందో లెక్కలేదు.

వేసవి దాటి, ఆవణి నెలలో ఒక గురువారం. ఐరాల నుంచి వచ్చిన ఒక రైతు కోడలికి ముగ్గురు బిడ్డలు పోయాక నాలుగో కాన్పు. మగబిడ్డ. అవ్వ తిరుమలమ్మ తెల్లవారినప్పటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా వసారాలో కూర్చుని ఉంది. నర్సు పంకజాక్షి బిడ్డను చుట్టి మునిరత్నమ్మ చేతుల్లో పెట్టింది. మునిరత్నమ్మ కుడికాలు గడప అవతల పెట్టింది.

అప్పుడే గేటు దగ్గర గొడుగు ముడిచిన చప్పుడు.

కుప్పయ్య ఆ రోజు కాపలావాడిని ఏమీ అడగలేదు. చేతిలో ఒక మూట ఉంది. మునిరత్నమ్మను చూసి మెట్ల దాకా వచ్చేశాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంక నీ తావకు రానమ్మా! నీ బాకీ తీరిపొయ్యినాది. మీ ఆయన పొయ్యినాడంట గదా తల్లీ, మీ అత్త వచ్చి చెప్పినాది. మా సావుకారి అప్పుడే ఆమె ముందరే నోటు చించేసినాడు. ఇదిగో, రెండు పడుల బియ్యం, ఒక కోక కూడా పంపించినాడు. నువ్వింక ఎవురికీ దమ్మిడీ ఇయ్యబన్లేదు తల్లీ!"

అతను దాన్ని శుభవార్త అనుకున్నాడు. అంత బియ్యం ఆ కరువు రోజుల్లో ఎవరు ఇస్తారు? నిజంగానే మనసు కరిగి, ఉన్న గొంతంతా పెట్టి చెప్పాడు.

తిరుమలమ్మ లేచి నిలబడింది. చాచిన చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది. ఆమె అరవలేదు, తిట్టలేదు.

"బిడ్డను లోపలికి తీసకపొమ్మా" అంది. "నర్సమ్మా, నువ్వు ముత్తైదువ్వే గదా, నువ్వు మళ్ళా తీసుకోని రా. నీకు పుణ్యముంటాది."

"ఏం మాటలమ్మా ఇవి, బిడ్డను ఎన్నిసార్లు తిప్పుతారు?" అని పంకజాక్షి విసుక్కుంది. విసుక్కుంటూనే బిడ్డను తీసుకుంది, లోపలికి పోయింది, మళ్ళీ గడప దాటి వచ్చింది. మునిరత్నమ్మ గోడకు ఒదిగి వాళ్ళకు దారి ఇచ్చింది.

కుప్పయ్య అటూ ఇటూ చూశాడు. జరిగింది అతనికి అప్పుడు అర్థమైంది. "నేను... నాకు తెలీదమ్మా" అన్నాడు. జీవితంలో ఆ ఒక్కసారి అతని మాట పక్కన నిలబడినవాళ్ళకు కూడా సరిగా వినబడలేదు.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో నలుగురు ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. మునిరత్నమ్మ వాళ్ళను దాటుకుని లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసింది. అక్కమ్మ పొయ్యి పక్కన కూర్చుని ఉంది.

"ఏం చేసినావత్తా?"

"నీ బాకీ తీర్చినాను."

"ఎవురు చెప్పినారు నీకు ఆయన పొయ్యినాడని?"

"ఎవురు చెప్తారు? వాడు ఉండాడు. నా కడుపుకు తెల్సు." ముసలమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "నోటితో పొయ్యినాడంటే పోతాడా మే? వాడు చిన్నప్పుడు నేను దినామూ అనేదాన్ని, నీ పాడె గట్ట అని. పొయ్యినాడా? ఆ కట్టియంకారోడు వారవారం వచ్చి నిన్ను నలుగురిలో నిలబెట్టి అడగతాడంటనే. పక్కింటామె చెల్లెలు కాన్పుకు పొయ్యి చూసొచ్చి చెప్పినాది. ఒక్క అబద్ధంతో వాడి నోరు మూతపడతాదని పొయ్యినా."

"సావుకారి ఊరికే నమ్మినాడా?"

"నగరికి జాబు వచ్చినాదని చెప్పినా. ఏ తిథి అని అడిగినాడు." అక్కమ్మ మొహం పొయ్యివైపు తిప్పుకుంది. "అమాస అని చెప్పినా."

మునిరత్నమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. బత్తెం సంగతి అప్పుడు చెప్పింది. గడప, మొదటి చేయి, అర్ధరూపాయలు, తాంబూలాలు, ఈ రోజు తిరుమలమ్మ వెనక్కి తీసుకున్న చేతులు. ఏదీ దాచలేదు. చెప్పేటప్పుడు ఏడవలేదు. ముసలమ్మ వింటూ పొయ్యిలోని పుల్లను వెనక్కీ ముందుకీ జరుపుతూనే ఉంది.

"ముందే చెప్పుంటే..." అంది చివరికి.

"చెప్తే తినుంటావా నువ్వు?"

బయట ఆడవాళ్ళలో ఒకామె తలుపు సందులోంచి పిలిచింది. "అక్కమ్మక్కా, పదో దినం ఎప్పుడు పెట్టుకుంటారు? తెల్సినప్పటి నుంచి ఎంచుకోవల్లంట. గాజులు తీసేదానికి అమ్మగారి తరఫున ఎవురన్నా ఉండారా ఈమెకు?"

అబద్ధం ఆడింది అక్కమ్మ. దానికి పది రోజులు ఉన్నాయనీ, పదో రోజున కోడలి గాజులు పగలగొట్టే చేతులు ఉన్నాయనీ ఆ ముసలమ్మ అంతవరకూ తలవలేదు. చీకటి పడే దాకా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మరునాడు పొద్దున్నే మునిరత్నమ్మ తల దువ్వుకుంది. ఎప్పటికన్నా కొంచెం పెద్దగానే బొట్టు పెట్టుకుంది. విప్పని మూటను సంకన పెట్టుకుని పరంధామయ్య ఇంటికి పోయింది. ఆయన తిన్నె మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. కుప్పయ్య మెట్టు మీద ఉన్నాడు. ఇద్దరూ ఆమె బొట్టు చూశారు.

"ఇది తీసుకోండి సావుకారీ" అంది మునిరత్నమ్మ. "మా అత్త ముసిలిది, ఏదో అనేసినాది. ఆయన ఉండాడు."

పరంధామయ్య నోరు పుక్కిలించి ఉమ్మాడు. "నన్ను ఏమనుకుంటా ఉండారమ్మా మీరు? నిన్న పొయ్యినోడు ఈ పొద్దు ఉండాడా? మీ అత్త ఏడస్తా చెప్తే నేనూ ఏడిస్తినే!"

"నోటు మళ్ళా రాయండి."

"ఎవురి పేరున రాసేది? లేనోడి పేరున నేను రాయను."

"నా పేరున రాయండి."

ఆయన ఆమెను చాలాసేపు చూశాడు. ముప్పై ఏళ్ళుగా అప్పు తీసేయమని వచ్చినవాళ్ళనే చూశాడు. తీరిన అప్పు తిరిగి ఇమ్మని వచ్చిన మనిషిని ఆ రోజే చూశాడు. లోపలి నుంచి గుమాస్తాను పిలిచాడు. గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని, కాగితం పరుచుకుని, కలం ముంచాడు.

"మునిరత్నమ్మ. పెనిమిటి పేరు?"

ఆమె పెదవులు కదిలాయి. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆ పేరు ఆమె నోటి నుంచి రాలేదు. రాకూడదు. సాయం కోసం మెట్టు వైపు చూసింది.

"ధనంజయ" అన్నాడు కుప్పయ్య, తల వంచుకుని.

"ఏమని రాయల్ల? కీర్తిశేషులని పెట్టల్లనా, ఊరికే భార్య అని రాసేదా?"

"ఊరికే రాయి" అంది మునిరత్నమ్మ.

గుమాస్తా కలం ఆపి సావుకారువైపు చూశాడు. పరంధామయ్య మెల్లగా చెప్పాడు. "అమ్మా, బాగా తలుచుకో. ఈ కాగితం మీద చేవ్రాలు పెట్టినాక, రేపు మళ్ళా వచ్చి లేడంటే నేను వినను. ఇంకెవురు చెప్పినా వినను. ఈ నోటు తీరిందాకా నీకు మొగుడు ఉండాడు."

"ఉండాడు" అని ఆమె సంతకం చేసింది. వచ్చీరాని అక్షరాలు, కాగితం చిరుగుతుందేమో అన్నట్టు ఒత్తి రాసింది. సావుకారు ఆ నెల వడ్డీ వదిలేశాడు. బియ్యం మూట మాత్రం ఎంత చెప్పినా ఆమె వెనక్కి తీసుకోలేదు.

వీధిలో ఆడవాళ్ళకు అక్కమ్మే చెప్పుకుంది, తనకు మతి పోయి ఏదో వాగానని. కొందరు నమ్మారు, కొందరు పదో రోజు దాకా చూశారు. అక్కమ్మ అప్పటి నుంచి ప్రతి అమావాస్యా ఒక్కపొద్దు ఉండేది. ఎందుకని కోడలు అడగలేదు.

ఆసుపత్రిలో మాత్రం ఏదీ వెనక్కి రాలేదు. మునిరత్నమ్మ బొట్టుతోనే పనిలోకి పోయింది. కానీ తిరుమలమ్మ కథ ఐరాల నుంచి మంచం మంచానికీ అప్పటికే పాకింది. బిడ్డ పుట్టినప్పుడల్లా ఎవరో ఒక అవ్వ పంకజాక్షిని పక్కకు పిలిచి గుసగుసలాడేది. మొగుడు పోయాడని తెలిసినదానికైనా ఒక దారి ఉంది. ఉన్నాడో లేడో తెలియనివాడి పెళ్ళాం చేయి బిడ్డకు తగలనివ్వడానికి ఎవరికి ధైర్యం చాలుతుంది? పంకజాక్షి మంచి మాటల మీదే ఆమెను పెరట్లోకి మార్చింది.

గురవమ్మ ఉతికే బండ మీద జరిగి చోటు ఇచ్చింది.

"బొట్టు పెట్టుకోని ఈడికి వచ్చినావేందే?" అంది.

"బాకీ ఉండాది గదక్కా."

గురవమ్మ పెద్దగా నవ్వింది. నవ్వి, చేతిలోని గుడ్డను పిండి, మళ్ళీ మునిరత్నమ్మ మొహం చూసి ఇంకో గుడ్డ తీసుకుంది. తరువాత ఆ బండ మీద వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి పక్కపక్కన ఉతికారు.

కిస్తీ ఆలస్యమయ్యేది కానీ తప్పేది కాదు. పొద్దున ఆసుపత్రి, సాయంత్రం రెండు ఇళ్ళలో అంట్లు. ఒక పూట జావ. కుప్పయ్య గురువారాలు మానలేదు. కాకపోతే ముందు గేటుకు రాకుండా పెరటి దారిన వచ్చి, ఏమీ అడగకుండా చేయి చాపేవాడు. యుద్ధం ముగిసింది. రంగూను నుంచి మళ్ళీ పడవలు వచ్చాయి. జెండాలు మారాయి. ధనంజయ కబురు ఏ పడవలోనూ రాలేదు. నలభై తొమ్మిది నాటికి నోటు మీద అసలు రెండు రూపాయలు మిగిలింది.

ఆ రెండు రూపాయలు ఆమె కట్టలేదు. దాని మీద నెలకు అర్ధణా వడ్డీ అవుతుంది. అది మాత్రం ఒక నెల కూడా తప్పకుండా గుడ్డలో కట్టి ఉంచేది. కుప్పయ్య మొదట రెండు నెలలు అడిగాడు.

"రెండు రూపాయలే గదా తల్లీ. నేను సర్దనా? తీసి పారేస్తే పోతాది."

"వద్దన్నా. వచ్చే నెల చూస్తాము."

"పోయిన నెలా అదే చెప్తివే."

"వచ్చే నెలన్నా."

మూడో నెల అతను వచ్చి బండ పక్కన చాలాసేపు కూర్చున్నాడు. మోకాళ్ళు నొక్కుకుంటూ ఆమె నుదుటివైపు, ఆమె ఉతుకుతున్న గుడ్డవైపు చూశాడు. అర్ధణా తీసుకుని కండువా కొసకు ముడి వేసుకున్నాడు.

"సరే తల్లీ" అన్నాడు లేస్తూ. "వచ్చే నెల వస్తాను."